నాయనమ్మ మెట్లు నేర్చుకున్న వేసవి

పని మీద చైనా వెళ్ళినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికింది. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు కొనేముందు, ఫ్యాక్టరీకి వెళ్ళి వాటిని నడిపించి చూసి రావడం నా ఉద్యోగంలో ఒక భాగం. అక్కడి కుర్రాడొకడు "మా కొండ చూడకుండా వెళ్ళకూడదు" అని పొద్దున్నే బస్సెక్కించాడు.

ఆ కొండ పేరు తాయ్‌షాన్. చైనా వాళ్ళకున్న పవిత్రమైన కొండల్లో అదే పెద్దదట, ఎత్తులో కాదు, గౌరవంలో. వెనకటి చక్రవర్తులు అంత దూరం వచ్చి, రాజ్యం సవ్యంగా ఉందని ఆకాశానికి చెప్పుకుని వెళ్ళేవారట. పైదాకా రాతి మెట్లు. పక్కన బండల మీద లోతుగా చెక్కి ఎర్రరంగు పూసిన అక్షరాలు. కింది భాగంలో మెలికలు తిరిగిన ముసలి చెట్లు, వాటి మధ్య చల్లటి నీళ్ళ వాగు. పైకి పోయేకొద్దీ రాతి పగుళ్ళలోంచి పక్కకి పెరిగిన పైన్ చెట్లు, వాటి కింద మబ్బు. కొత్తగా పెళ్ళైన జంటలు పిల్లలు పుట్టాలని చిన్న రాళ్ళు ఏరి కొమ్మల మధ్య పెడుతున్నారు. అగరుబత్తుల పొగ, ఉల్లికాడలు చుట్టిన రొట్టెల వాసన. కర్రలు పట్టుకున్న ముసలమ్మలు మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోతున్నారు.

నిటారుగా ఉన్న చోట ఒక కూలీ ఎదురయ్యాడు. భుజాన కావడి, రెండు వైపులా నీళ్ళ సీసాల పెట్టెలు. అతను మెట్లని తిన్నగా ఎక్కడం లేదు. కుడి అంచు నుంచి ఎడమ అంచుకి ఏటవాలుగా నాలుగు మెట్లు, అక్కడ తిరిగి మళ్ళీ ఎడమ నుంచి కుడికి. మెట్ల మీద ముగ్గులా గీతలు గీస్తున్నట్టు నడుస్తున్నాడు.

నేను ఆగిపోయాను. ఆ నడక నాకు తెలుసు. కొండంటే ఏమిటో తెలియని మా ఊళ్ళో, ఒక వేసవి సెలవుల్లో, దాన్ని మా నాయనమ్మ దగ్గర రోజూ చూశాను.

మాది మంగినపూడికి కాస్త ఇవతల, చేపలు పట్టుకుని బతికే ఊరు. మా నేలలో రాయి ఉండదు. పారతో తవ్వితే ముందు ఇసక, తర్వాత నల్లమట్టి, ఆ తర్వాత ఉప్పునీళ్ళు. రాయి చూడాలంటే రోలు దగ్గరికో, కొత్తగా వేస్తున్న రోడ్డు దగ్గరికో వెళ్ళాలి. ఎత్తులూ అంతే. తాడిచెట్లున్నాయి, వాటికి మెట్లుండవు. లైట్‌హౌసుకి మెట్లున్నాయి, కాపలా ఆయన మమ్మల్ని గేటు దాటనివ్వడు. ఇక మిగిలింది తుఫాను షెల్టరు. లావుపాటి స్తంభాల మీద నిలబెట్టిన కట్టడం. కింద ఖాళీ, పైన గదులు, ఆపైన డాబా, పక్కన మలుపులు తిరిగే మెట్లు. ఉప్పెనలో ఊరు కొట్టుకుపోయాక గవర్నమెంటు కట్టించింది. దాని కింద నీడలో మగవాళ్ళు వలలు బాగుచేసుకునేవాళ్ళు, ఆడవాళ్ళు రొయ్యలు ఒలిచేవాళ్ళు. కానీ మెట్లు మాత్రం ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. పనిలేకుండా షెల్టరెక్కితే తుఫానుని పిలిచినట్టేనని మా ఊరి నమ్మకం. బంతి పైకి పోతే కూడా పెద్దవాళ్ళెవరో ఒకరు సముద్రానికి దణ్ణం పెట్టుకుని వెళ్ళి తెచ్చేవాళ్ళు. మేము కావాలనే బంతి పైకి విసిరేవాళ్ళం, వాళ్ళు దణ్ణం పెట్టుకోవడం చూడ్డానికి.

ఆ ఉప్పెనలో మా తాతయ్య పోయాడు. నాయనమ్మ తాడిచెట్టుని కావిలించుకుని బతికింది. అప్పట్నుంచీ వాతావరణం విషయంలో ఊళ్ళో ఆమె మాటే మాట. రేడియోలో ప్రమాద సూచిక ఎగరేశారని చెప్పినా, జనం ముందు మా అరుగు వైపు చూసేవాళ్ళు. నాయనమ్మ పీతలు ఎటు పాకుతున్నాయో చూసేది, తూర్పు గాలిని ముక్కుతో పీల్చేది, "రాదు, అన్నాలు తినండి" అనేది. తుఫాను వచ్చేది కాదు. ఒక్కసారి మాత్రం ఏమీ మాట్లాడకుండా తలుపుకి గొళ్ళెం వేసి, మూట కట్టుకుని షెల్టరుకి నడిచింది. ఆ తుఫానుకి మా వీధిలో ఒక్క కప్పు మిగల్లేదు.

ఇక నాయనమ్మ మొక్కు సంగతి. ఒకసారి మా బాబాయి పడవ ఇంజను చెడి సముద్రంలో కొట్టుకుపోయింది. బాబాయి తిరిగొస్తే తిరుపతి కొండ మెట్లెక్కి వస్తానని నాయనమ్మ మొక్కుకుంది. బాబాయి ఎండకి నల్లగా కమిలి, నిజాంపట్నం వైపు ఒడ్డున తేలి, లారీ ఎక్కి ఇంటికొచ్చాడు. మొక్కు మాత్రం ఏటికేడు వెనక్కి పోయింది. కారణం నాయనమ్మ మోకాళ్ళు.

చదును నేల మీద ఆమెతో ఎవరూ నడవలేరు. నెత్తిన చేపల తట్ట పెట్టుకుని బందరు వైపు ఊళ్ళకి వెళ్ళి, అమ్మేసి, ఎండ ఎక్కకముందే తిరిగొచ్చేది. కానీ మెట్టంటే ఆమెకి అలవాటు లేదు. ఆ తుఫాను రోజున కూడా షెల్టరు మొదటి మలుపు దగ్గరే కూర్చుండిపోతే మిగతా మెట్లు నాన్న వీపున ఎక్కించుకుని మోశాడు. అది నాన్న మర్చిపోలేదు.

"ఈ కాసిని మెట్లే ఎక్కలేకపోయావు, ఏడు కొండలు ఎక్కుతావా? బస్సులో వెళ్దాం. గుండు చేయించుకుందువుగాని, స్వామి ఏమీ అనుకోడు."

"నేను మెట్లెక్కుతానని మొక్కుకున్నాన్రా, బస్సెక్కుతానని కాదు."

"నా కోసం మొక్కి నీ కాళ్ళు విరగ్గొట్టుకుంటావా అమ్మా?" అనేవాడు బాబాయి నవ్వుతూ.

నాయనమ్మకి నవ్వొచ్చేది కాదు. మాట ఇచ్చింది తను. కొడుకుని వెనక్కి పంపించి తన వంతు స్వామి చేసేశాడు. ఆ తర్వాత బాబాయి వేటకి వెళ్ళిన ప్రతిసారీ, అతను ఒడ్డుకొచ్చేదాకా ఆమె ముద్ద ముట్టేది కాదు.

ఆ రోజుల్లోనే మా ఊరి బయట రొయ్యపిల్లల హేచరీ ఒకటి పెట్టారు. దగ్గరికెళ్తే బ్లీచింగు, నాచు, ఉప్పునీళ్ళు కలిసిన వాసన. దాంట్లో పనికి చైనా నుంచి ఒకాయన వచ్చాడు. నోరు తిరగని పేరు కాబట్టి ఊరంతా చైనా మావయ్య అన్నారు. ఆయనకి తెలుగులో వచ్చినవి "తిన్నావా", "నీళ్ళు", "బాగుంది". ఈ మూడింటితోనే ఊళ్ళో అన్ని పనులూ నడిపేవాడు. ఎండాకాలంలో కూడా ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు తాగేవాడు, అందులో ఆకులు తేలుతుండేవి. పొద్దుతిరుగుడు గింజలు పళ్ళతో టక్కున పగలగొట్టి పొట్టు ఊసేవాడు. మేము కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆ గింజలు దొంగిలించేవాళ్ళం. ఆయన చూసి కూడా గిన్నె ఇంకాస్త కిటికీ దగ్గరికి జరిపేవాడు.

ఆయనకి పీతలంటే ప్రాణం. నాయనమ్మ తట్టలో మంచివి ఏరి తీసుకెళ్ళేది, నేను తోక. ఒకరోజు ఆయన గదిలో గోడ మీద క్యాలెండరు చూసి ఆగిపోయింది. మబ్బుల్లోకి పోతున్న మెట్ల వరస, చివర ఎర్రటి గోపురం లాంటి ద్వారం.

"ఇది ఏ స్వామి కొండండీ?" అని హేచరీ మేనేజరు గారిని అడిగింది. ఆయన గుడివాడ మనిషి, వచ్చీరాని ఇంగ్లీషులో చైనా మావయ్యతో మాట్లాడేది ఆయనొక్కడే.

చైనా మావయ్యకి ఎక్కడలేని హుషారొచ్చింది. ఆ కొండ కింద ఊరే వాళ్ళదట. పైన ఉండేది అమ్మవారు. అక్కడి జనం ఆమెని "తాయ్‌షాన్ నాయనమ్మ" అని పిలుస్తారట.

"నాయనమ్మా?" నాయనమ్మ నోరు తెరిచింది. "అమ్మోరిని నాయనమ్మ అంటారా?"

"అవునండీ. పిల్లల్ని ఇస్తుందట, ఇచ్చిన పిల్లల్ని కాస్తుందట. వీళ్ళమ్మ ఏటా ఎక్కుతుందట ఈయన కోసం."

నాయనమ్మ ఆ బొమ్మకి చేతులు జోడించింది. చైనా మావయ్య ఆ కొండ వాగులో మాత్రమే బతికే చేప గురించి కూడా చెప్పాడు. వేలంత చేప, ఎర్రటి పొలుసు, చల్లటి నీళ్ళు దాటి బయటికొస్తే బతకదట. కొండ మీద చేపలుంటాయన్న సంగతి మాకు కొండకంటే వింతగా అనిపించింది. నాయనమ్మ మాత్రం ఒక్కటే అడిగింది.

"వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులు లేవా?"

ప్రశ్న ఇంగ్లీషులోకి వెళ్ళింది, జవాబు తెలుగులోకి వచ్చింది. "ఉన్నాయటండీ. కానీ కొండ మీదికి బరువులు మోసే కూలీలు ఒక పద్ధతిలో నడుస్తారట. అది నేర్చుకుందట."

చైనా మావయ్య మమ్మల్ని బయటికి తీసుకెళ్ళాడు. హేచరీలో నీళ్ళు మోసే కావడి భుజానికెత్తుకుని, పంపుల గదికి ఎక్కే నాలుగు మెట్ల మీద ఏటవాలుగా నడిచి చూపించాడు. నోటితో గాలి గట్టిగా వదిలి చూపించాడు. మెట్టుకి ఎదురుగా వెళ్ళకు, పక్కగా వెళ్ళు, తొందరపడకు. మాటల్లో చెప్పింది ఏమీ లేదు. నాయనమ్మ తట్ట దించి తనూ నడిచింది.

"బాగుంది, బాగుంది" అన్నాడాయన.

ఆ నాలుగు మెట్లు ఆమెకి చాల్లేదు. ఊళ్ళో ఇంకా మెట్లున్నది ఒక్కచోటే.

తిథి చూసుకుని, మబ్బు తునక కూడా లేని ఒక పొద్దున బయల్దేరింది. కొండకి వెళ్ళినట్టే వెళ్ళాలని మూట కట్టింది. అందులో ఒక చీర, అటుకులు, బెల్లం, నీళ్ళ సీసా. నాన్న ఇంట్లో లేడు, ఒడ్డున ఉన్నాడు. తలుపుకి గొళ్ళెం వేసింది. నా చెయ్యి పట్టుకుంది. పక్కింటి అత్త ఎదురొచ్చింది.

"పొద్దున్నే మూటేంటి పెద్దమ్మా? ఎక్కడికి?"

మొక్కు సంగతి బయటివాళ్ళకి చెప్పకూడదని నాయనమ్మ పట్టుదల. "షెల్టరుకే" అని నడుస్తూ పోయింది.

ఆ అత్త మొహంలో రక్తం లేకుండా పోవడం నేను చూశాను. ఎందుకో అప్పుడు తెలియలేదు.

మెట్లు మొదలయ్యాయి. గోడ నుంచి కటకటాల దాకా ఏటవాలుగా, మళ్ళీ అక్కణ్ణుంచి గోడ దాకా. మొదటి మలుపు దగ్గర నాయనమ్మ ఆగింది, కూర్చోలేదు. గాలి వదిలింది, మళ్ళీ నడిచింది. రెండో మలుపు దగ్గర నేను కిందికి చూశాను. ఊరు ఊరంతా పరిగెత్తి వస్తోంది.

నెత్తిన బియ్యం డబ్బాలు, చంకలో కోళ్ళు, భుజాన పిల్లలు. ఒకాయన టీవీ మోసుకొస్తున్నాడు. ఒడ్డున మగవాళ్ళు కేకలేసుకుంటూ పడవల్ని పైకి లాగుతున్నారు. హేచరీ వైపు నుంచి చైనా మావయ్య కావడి భుజాన పెట్టుకుని వస్తున్నాడు. రెండు బకెట్లలో తల్లిరొయ్యలు. హేచరీలో అన్నిటికంటే ఖరీదైనవి అవే. మెట్ల దగ్గరికొచ్చి ఆయన ఏటవాలుగా ఎక్కడం మొదలెట్టేసరికి, వెనక జనం ఎటు తప్పుకోవాలో తెలియక ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు.

డాబా నిండిపోయింది. అందరూ నాయనమ్మ చుట్టూ మూగారు.

"ఎంత దూరంలో ఉంది పెద్దమ్మా?" అంది పక్కింటి అత్త.

"ఏది?"

"తుఫాను!"

"ఏ తుఫాను?"

"మరి నువ్వెందుకెక్కావు?"

"నా పని మీద ఎక్కాను. నువ్వెందుకెక్కావు?"

"నువ్వెక్కావనే కదా తల్లీ! పొయ్యి మీద అన్నం వదిలేసొచ్చాను!"

అందరూ తలలెత్తి చూశారు. ఆకాశం శుభ్రంగా ఉంది. సముద్రం అద్దంలా ఉంది. ఎవరి చంకలోనో కోడి కూసింది. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత డాబా అంతా నవ్వులూ తిట్లూ కలిసిపోయాయి. టీవీ మోసుకొచ్చినాయన మాత్రం దాని మీదే కూలబడి, "దీన్ని దింపేదెవరు?" అని అరుస్తున్నాడు.

నాన్న జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "రేడియోలో లేదు, గాల్లో లేదు. ఊరందరినీ భయపెట్టి చంపుతావా అమ్మా?"

నాయనమ్మకి ఇక దాచడానికేం మిగల్లేదు. అందరి ముందూ చెప్పింది. కొడుకు ప్రాణం అడిగానని, మెట్లెక్కుతానని మాటిచ్చానని, ఎక్కడం రాదు కాబట్టి నేర్చుకుంటున్నానని. "నా వెనకాల ఇంత ఊరెక్కింది. నాకంటే ముసలోళ్ళు ఎక్కారు. ఎవరైనా పడ్డారా? నేనొక్కదాన్నే పడతానేంట్రా?"

నాన్న నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగాడు. "మలుపు దగ్గర కూర్చుందా?"

"లేదు నాన్నా. ఎక్కడా కూర్చోలేదు. అడ్డంగా నడిచింది."

నాన్న మెట్ల వైపు తొంగి చూశాడు. బాబాయి మాత్రం అప్పటిదాకా నవ్వుతున్నవాడు నవ్వడం మానేసి, నాయనమ్మ మూట తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

తీర్పు మా ఊరి పెద్దాయన చెప్పాడు. మొక్కుకి అడ్డం పడటం ఊరికి మంచిది కాదు, పనిలేకుండా షెల్టరెక్కడమూ మంచిది కాదు. కాబట్టి రోజూ ఎక్కొచ్చు, కానీ ఎక్కేముందు సముద్రానికి ఎందుకెక్కుతున్నదీ చెప్పాలి. ఊరికీ వినపడాలి. "గొంతున్న కుర్రాణ్ణి ఒకణ్ణి పెట్టుకో" అన్నాడు. పంతులు గారు నన్ను బెంచీ ఎక్కించేది ఏ గొంతు వల్లో, ఆ గొంతుకి మొదటిసారి ఉద్యోగం దొరికింది.

ఆ వేసవంతా పొద్దున్నే చద్దన్నం, నెత్తళ్ళ చేపల ఇగురు తిని, షెల్టరు కింద నిలబడి, సముద్రం వైపు తిరిగి అరిచేవాణ్ణి. "తుఫాను కోసం కాదూ! మా నాయనమ్మ మొక్కు కోసం!" పొయ్యిల దగ్గర ఆడవాళ్ళు "సరే సరే, ఎక్కమను" అని కేకేసేవాళ్ళు. కొన్నాళ్ళకి పక్కింటి అత్త కూడా ఎక్కడం మొదలెట్టింది, ఆమెకేదో చిన్న మొక్కు ఉందట. ఆమె వెనక ఇంకొంతమంది. పైన కూర్చుని అటుకులు, బెల్లం తింటూ, ఎవరి పడవ ఎక్కడుందో వేలు పెట్టి చూపించుకునేవాళ్ళు. అన్నేళ్ళలో వాళ్ళు సముద్రాన్ని ఎప్పుడూ పైనుంచి తీరిగ్గా చూడలేదు. షెల్టరెక్కితే భయంతోనే ఎక్కేవాళ్ళు కదా. ఆ ఏడు తుఫాను రాలేదు. వచ్చుంటే ఎవరిని తిట్టేవాళ్ళో నాకు తెలుసు.

చైనా మావయ్య ఆ తర్వాత రెండు మూడేళ్ళున్నాడేమో. రొయ్యలకి తెల్లమచ్చల రోగం తగిలి చెరువులన్నీ పోయాయి, హేచరీ మూతపడింది. ఆయన వెళ్ళేటప్పుడు నాయనమ్మ బందరు హల్వా కట్టించి ఇచ్చింది. "తిన్నావా?" అని ఆయన అడిగాడు. అది సెలవు తీసుకోవడమని అందరికీ అర్థమైంది. ఇప్పుడా హేచరీ తొట్లలో సరుగుడు మొక్కలు మొలిచాయి. షెల్టరు పక్కన కొత్తది కట్టారు. పాతదాని మెట్లు సగం విరిగాయి. పొద్దున్నే సముద్రానికి ఏదైనా చెప్పుకునేవాళ్ళు ఎవరూ లేరు. తుఫాను దారిని ఫోనే గీత గీసి చూపిస్తుంది.

ఆ వేసవి చివర్లో నాయనమ్మ, నాన్న, బాబాయి, నేను గుడివాడలో రైలెక్కాం. అలిపిరి దగ్గర నాయనమ్మ మెడ వెనక్కి వాల్చి కొండని చూసింది. అంత నేల పైకి లేచి నిలబడటం మాలో ఎవరమూ చూడలేదు. కొండంటే పెద్ద షెల్టరు లాంటిదని నేను అనుకున్నాను. ఒక పక్క మెట్లుంటాయి, ఎక్కితే పైన డాబా వస్తుంది. పైన చెట్లూ, లోయలూ, కోతులూ ఉంటాయని ఎవరూ చెప్పలేదు.

మొదటి నిటారు మెట్ల మీద ఆమె ఏటవాలు నడక మొదలెట్టింది. వెనకాల జనం విసుక్కున్నారు.

"అడ్డంగా నడుస్తారేంటండీ, తిన్నగా ఎక్కొచ్చుగా?"

"మాది చైనా పద్ధతి నాయనా" అంది నాయనమ్మ, ఆగకుండా.

గాలిగోపురం దాటి దారి చదునయ్యాక మమ్మల్ని వదిలేసి ముందుకెళ్ళిపోయింది. కానీ మోకాళ్ళ పర్వతం దగ్గర, సగంలో, కూర్చుంది. మోకాలి చిప్పలు రెండూ అరచేతులతో పట్టుకుంది. ఊపిరి ఈల వేస్తోంది. నాన్న పక్కన కూర్చున్నాడు.

"చాలమ్మా. ఇంత దూరం వచ్చావు. ఇక్కణ్ణుంచి నేను మోస్తాను."

నాయనమ్మ తల అడ్డంగా ఊపింది. బాబాయి బెల్లం ముక్క నోట్లో పెట్టాడు. అది కరిగేదాకా కూర్చుని, నా వైపు చూసింది.

"ఒరేయ్, అరవరా."

ఇంతమందిలోనా అనుకున్నాను. కానీ ఆమె మొహం చూసి, ఊపిరంతా బిగబట్టి అరిచాను. "తుఫాను కోసం కాదూ! మా నాయనమ్మ మొక్కు కోసం!"

ఎవరికేం అర్థమైందో తెలియదు, మెట్ల పొడుగునా కింద నుంచి పైదాకా "గోవిందా, గోవింద" అన్నారు. నాయనమ్మ లేచింది. కుడి నుంచి ఎడమకి, ఎడమ నుంచి కుడికి. నాన్న రెండు చేతులూ చాచి వెనకే నడిచాడు, కానీ ఆమెని ముట్టుకోలేదు.

చివరి మెట్టు దాటాక ఆమె కర్పూరం వెలిగించి దణ్ణం పెట్టుకుంది. బాబాయి ఆమె కాళ్ళకి మొక్కాడు. అప్పుడు గానీ ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చెట్ల సందులోంచి ఎక్కడో అడుగున ఇళ్ళు, రోడ్లు, పొలాలు కనిపిస్తున్నాయి.

"ఇంత ఎత్తుకి ఉప్పెన రాదు కదరా?"

"రాదమ్మా" అన్నాడు నాన్న. "ఎప్పటికీ రాదు."

ఆమె ఆ మాట విని, కొంగుతో మొహం తుడుచుకుంటూ చాలాసేపు అలాగే నిలబడింది. తాతయ్య గుర్తొచ్చాడేమో, నేను అడగలేదు. తర్వాత మునివేళ్ళ మీద లేచి, మెడ చాచి, ఇటూ అటూ వెతకడం మొదలెట్టింది.

"సముద్రం ఏదిరా?"

"ఇక్కడికి కనపడదమ్మా. దూరం."

"ఎంత ఎత్తెక్కినా?"

"ఎంత ఎత్తెక్కినా."

నాయనమ్మ మూట భుజానికెత్తుకుంది.

"అయితే దర్శనం అవగానే వెళ్ళిపోదాం పదండి" అంది.